నాన్న మానీసేనని చెప్పిన గోలీలు

నాకు సాక్ష్యాలంటే ఒళ్లు మంట. ప్రార్థనలో ఎవరైనా లేచి "ప్రభువు నాకు చేసిన మేలు" అని మొదలుపెడితే ఇప్పటికీ బయటికి వచ్చీస్తాను. భక్తి లేక కాదు. మా నాన్న చెప్పిన సాక్ష్యం విన్నదాన్ని కాబట్టి.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా వేరు రాష్ట్రమైన రోజులు. నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్స్‌లో ఆపరేటరు. విజయనగరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు పది పన్నెండు ఉండేవి. శుక్రవారం సాయంత్రం మా క్వార్టర్‌లోనే కూడిక. ముందుగదిలో ఇరవై మంది. ఎవరైనా వచ్చి గొడవ చేస్తారేమోనన్న భయంతో, పాట ఎత్తుకునే ముందే అమ్మ కిటికీలన్నీ బిడాయించీసేది. నాన్న గొంతు బాగుండేది. ఆయన ఒక చరణం పాడితే పిన్ని అందుకునేది. పిన్నంటే అమ్మ సొంత చెల్లెలు. భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉండేవారు. బాబాయి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఠేకాదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద పని. పాటల పుస్తకం ఒకటే కావడంతో నాన్నా పిన్నీ పక్కపక్కనే కూర్చుని పాడేవారు.

ఆ చలికాలమంతా నాన్న దగ్గుతూనే పాడేడు. ఓవెన్ల పొగ అనుకున్నాం. అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఉండేదే కదా! కఫంలో రక్తం కనపడ్డాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. టీబీ అన్నారు. ఆర్నెల్లు మందు గోలీలు, ఒక్కటి కూడా మానకూడదు, ఇంట్లోకి గాలి రానివ్వండి అన్నారు. మిగతా రోజులు కిటికీలు తెరిచేం. శుక్రవారం మాత్రం మూసీసేం. ఆ తెలివితక్కువతనం తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలకి దగ్గు తగ్గింది, నాన్న కాస్త ఒళ్లు చేసేడు. సరిగ్గా అప్పుడే విశాఖ వైపు నుంచి ఒక బోధకుడు వచ్చేడు. నాన్న తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, "స్వస్థత పొందినవాళ్లు లేవండి" అన్నాడు. నాన్న లేచేడు. అంతటితో ఊరుకుంటే పోయేది. చుట్టూ హల్లెలూయలు వినేసరికి మనిషికి ఊపు వచ్చీసింది. "నేను గోలీలు మానీసేను. నా ప్రభువే నా డాక్టరు" అనీసేడు. ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. పిన్నైతే వెక్కి వెక్కి ఏడ్చింది.

జనం వెళ్లేక నాన్న వంటింట్లోకి వచ్చి, నా మొహం చూడకుండా, "ఓ గ్లాసుడు నీళ్లియ్యే" అన్నాడు. గుప్పిట్లో గోలీలు.

"అదేటి నాన్నా, మానీసేనన్నావు?"

"నోరు ముయ్యే" అంది అమ్మ. "సాక్ష్యం చెప్పిన మనిషి మాట వెనక్కి తీసుకుంటే దేవుడికి అవమానం కాదేటి? ఇంకో నాలుగు నెలలు, ఎంతలో అయిపోతాయి!"

అప్పట్నుంచి మా ఇంట్లో రోగం కన్నా మందే పెద్ద రహస్యం. నాన్న డ్యూటీ నుంచి వస్తూ ఆరోగ్య కేంద్రంలో నర్సు దీదీ ముందు ఒక మోతాదు మింగి, మిగతావి టిఫిన్ కేరేజీలో దాచి తెచ్చేవాడు. బాత్రూంలో కుళాయి విప్పి మింగేవాడు. పదిహేడేళ్లదాన్ని, నాకు నవ్వు కూడా వచ్చేది. చాటుగా సిగరెట్లు కాల్చే నాన్నలుంటారు గానీ, చాటుగా మందులేసుకునే నాన్న మాకే దొరికేడు అనుకునేదాన్ని.

వానలు పడేసరికి పిన్నికి దగ్గు పట్టుకుంది. ఆమెకీ టీబీయే. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడగడానికేముంది? ఆ గోలీలు ఆమెకి అస్సలు పడలేదు. కడుపులో తిప్పీసి తిన్నదంతా కక్కీసేది. ఒంటేలు ఎర్రగా వస్తోందని హడలిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చారన్నం పంపితే పట్టికెళ్లేను. పిన్ని మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పవే అమ్మీ. మీ నాన్న గోలీలు మానీసే బాగుపడ్డాడా?"

నేను చారన్నం గిన్నె మూత తీసేను.

"ఆ ఇంట్లోదానివి, నీకు తెలకుండా ఉండదు. ఇంకా వేసుకుంటున్నాడంటే చెప్పు, నేనూ కళ్లు మూసుకుని మింగీస్తాను. మానీసేడంటే నేనూ మానీస్తాను. ఈ బాధ పడలేకపోతన్నానే."

ఇంతకన్నా తిన్నగా ఎవరడుగుతారు! నేను చెప్తే శుక్రవారానికల్లా అన్ని ఇళ్లకీ తెలిసిపోతుంది, నాన్న ఇంక తలెత్తుకోలేడు. అదొక్కటే బుర్రలో తిరిగింది. "సాక్ష్యం నువ్వూ విన్నావు కదా పిన్నీ" అన్నాను. అబద్ధం ఆడలేదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను కూడా. ఛీ!

పిన్ని మొహం తేటపడింది. "చాలే, నాకింకేటీ అక్కర్లేదు" అంది.

మానగానే వాంతులు తగ్గేయి. ప్రభువు మొర విన్నాడనుకుంది. కొన్ని వారాలకి కఫంలో రక్తం మొదలైంది. నర్సు దీదీ ఇంటికొచ్చి "దవాయి క్యోఁ బంద్ కీ?" అని, మందెందుకు మానీసేవని కేకలేస్తే తలుపేసుకుంది. అప్పటికి నాన్న కోర్సు పూర్తయింది, రిపోర్టు కూడా శుభ్రంగా వచ్చింది. సంగతి తెలిసి పరిగెత్తేడు. "వేసుకో అమ్మా, డాక్టర్లని ఇచ్చింది కూడా దేవుడే" అన్నాడు.

"నీకక్కర్లేనివి నాకెందుకు బావా? నా విశ్వాసం నీకన్నా తక్కువా?" అంది పిన్ని నవ్వుతూ.

నేను గుమ్మంలోనే ఉన్నాను. నేనూ వేసుకున్నానమ్మా అని నాన్న ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాన్న నోరు తెరిచి మళ్లీ మూసీసేడు. నేనూ అంతే. క్రిస్మస్‌కి ముందే పిన్ని పోయింది. ఇద్దరు ఆడపిల్లలు.

పిన్ని కోసం ఆదరణ కూడిక మా ఇంట్లోనే పెట్టేం. పాట అయ్యేక బాబాయి లేచి నాన్న ముందు నిలబడ్డాడు. గొంతులో కోపమేటీ లేదు. అదే ఇంకా చంపింది నన్ను.

"అన్నయ్యా, ఒక్కటి చెప్పు. అదే దేవుడు, అదే రోగం. నీకు తగ్గింది. దీనికి ఎక్కడ తక్కువైంది? ఆ తక్కువేటో తెలిస్తే పిల్లలకైనా నేర్పుకుంటాను."

నాన్న పాటల పుస్తకం మూసీసేడు. "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరం తలలు వంచేం. నేనూ వంచేను.

నాన్న పోయేడు, తర్వాత అమ్మా పోయింది. చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలేను. బాబాయి ఇప్పుడు భిలాయి పక్కన ఉతైలో పెద్దకూతురి దగ్గర ఉంటున్నాడు. మీ అమ్మమ్మకి విశ్వాసం చాలలేదర్రా, అందుకే పోయింది అని మనవలకి చెప్తూ ఉంటాడు.