గురక వినిపించినంతసేపూ

అతను లిఫ్టు మెకానిక్కు. ఎప్పుడు చూసినా లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని తాళ్ళకు గ్రీజు పూస్తుంటాడు కాబట్టి అందరూ 'పైవాడు' అనేవాళ్ళు. కింద మీటర్ల గదిలో లిఫ్టు కదలకుండా దాని ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని కాపలా కూర్చునే జతగాడు సహజంగానే 'కిందోడు' అయ్యాడు. లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని ఎవరైనా అడిగితే కిందోడు రెండు చేతులూ ఎత్తి, "అంతా పైవాడి దయండీ" అనేవాడు. అయిదో అంతస్తు నుంచి పైవాడి బూతులు జారేవి.

పదకొండేళ్ళ జోడీ. ఇన్నేళ్ళలో ఒంటి మీద గీత పడలేదు. ఫ్యూజులు కిందోడి జేబులో ఉన్నాయని చెవులారా వింటే తప్ప పైవాడు లిఫ్టు మీద కాలు పెట్టేవాడు కాదు.

"ఉన్నాయా?"

"ఉన్నాయిరా."

"జేబు తట్టు, వినాలి."

ఇంత భయస్థుడు మత్తు పొడికి అలవాటుపడ్డాడంటే ఎవరూ నమ్మరు. నడుం నొప్పికని ఎవడో ఇచ్చాడు. నొప్పి పోయింది, పొడి ఉండిపోయింది. సూది దాకా వచ్చాక కిందోడికి చెప్పాడు, అదీ దొంగ మొహం పెట్టి కాదు, కొత్త డ్యూటీ వేస్తున్నట్టు.

"నేను ఎక్కించుకునేటప్పుడు నువ్వు పక్కన కూర్చోవాలి. ఒంటరిగా చేసేవాళ్ళే పోతార్రా. మనిషి కాపలా ఉంటే ఏం కాదు."

"నేను కూర్చోను. చావు."

"సరే, ఒక్కణ్ణే చేస్తాలే."

అక్కడ దొరికిపోయాడు కిందోడు. ఆ రోజు నుంచి అతనికి ఉన్నది ఒకటే పని: వీణ్ణి ప్రాణాలతో బయటికి తేవడం.

వాళ్ళుండే సందులో పొడి వాడేవాళ్ళు ఏడెనిమిది మంది. అప్పుడప్పుడు ఒకడు తగ్గేవాడు. తగ్గినప్పుడల్లా పైవాడు కారణం వెతికేవాడు. సైకిల్ షాపువాడు పోతే, "వాడు మందు కొట్టి దాని మీద ఎక్కించాడు. నేను చుక్క ముట్టను." రంగులేసే కుర్రాడు పోతే, "కొత్త వెధవ, కొలత తెలీదు." టీ కొట్టాయన పోయినప్పుడు మాత్రం ఇబ్బంది పడ్డాడు. అదే పొడి, అదే కొలత, పక్కన మనిషి కూడా ఉన్నాడు. మూడు రోజులు పైవాడు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు మొహం వెలిగింది.

"గుండెజబ్బు ఉండుంటుందిరా. మొన్న మెట్లెక్కుతూ ఆయాసపడలా?"

"నువ్వూ ఆయాసపడతావు."

"నాది సిగరెట్ల ఆయాసం."

తర్వాత పచ్చకామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడి నుంచి అక్క ఇంట్లో. అక్కకు ఇస్త్రీ కొట్టు ఉంది. తలుపు దగ్గర బల్ల వేసుకుని రోజంతా ఇస్త్రీ చేస్తూ, తమ్ముణ్ణి గడప దాటనివ్వలేదు. మొదటి వారం తిట్టాడు, ఏడ్చాడు, ఆవిడ చీరల మీద వాంతి చేశాడు. రెండు నెలలు తిరిగేసరికి బుగ్గలొచ్చాయి. ప్యాంటు బొత్తాం పట్టలేదు. అక్క ఆ బొత్తాన్ని మురిసిపోతూ మార్చి కుట్టింది.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ కిందోణ్ణి పక్కకు పిలిచి చెప్పింది. "మళ్ళీ మొదలుపెడితే పాత కొలత వేసుకోవద్దని చెప్పండి. మానేస్తే ఒంటికి అలవాటు పోతుంది. పాత మోతాదే అప్పుడు ప్రాణం తీస్తుంది."

పనిలో చేరిన తొమ్మిదో రోజు, మధ్యాహ్నం, ఒక పాత బిల్డింగు మేడ మీద సామాన్ల గదిలో పైవాడు జేబులోంచి పొట్లం తీశాడు. కిందోడు చేతిలో పానా కింద పెట్టాడు.

"ఒట్టేశావు కదరా అక్క మీద."

"ఇదొక్కసారి. నడుం చంపేస్తోంది."

"పోనీ కొంచెమే వేసుకో. నర్సమ్మ చెప్పింది..."

"నర్సమ్మ ఎప్పుడైనా ఎక్కించుకుందా? ఆరేళ్ళు నా చేత్తో కొలిచాను. ఈ చెయ్యి తప్పదు. నువ్వున్నావు కదరా, ఇంకేంటి?"

కిందోడు పొట్లం లాక్కోబోయాడు. పెనుగులాడారు. పైవాడు గెలిచాడు. రెండు నెలలు అక్క పెట్టిన తిండి బలం మరి.

ఎక్కించుకుని గోడకు ఆనుకున్నాడు. అయిదు నిమిషాల్లో తల వాలిపోయింది. గురక మొదలైంది. మామూలు గురక కాదు, గొంతులో నీళ్ళు ఉడుకుతున్నట్టు. కిందోడు ఊపిరి పీల్చుకున్నాడు. గురక పెడుతున్నాడంటే బతికే ఉన్నాడు. అసలే నిద్ర పట్టని మనిషి, పడుకోనీ. గోనెసంచి మడిచి తల కింద పెట్టాడు.

అప్పుడే అక్క ఫోన్.

"మావాడు ఎత్తట్లేదేంట్రా?"

"పడుకున్నాడక్కా."

"పని మధ్యలోనా? ఏదీ, దగ్గర పెట్టు." విని నవ్వింది. "అబ్బో, ట్రాక్టరే. లేపకురా. ఎన్నాళ్ళయిందో వాడు ఇంత నిద్రపోయి."

లేపలేదు. గురక మధ్య ఖాళీలు పెరిగాయి. కిందోడు బోల్టులు సైజుల వారీగా సర్దుతూ కూర్చున్నాడు. కాసేపటికి గది నిశ్శబ్దమైంది. పక్కకు తిరిగాడేమో అనుకుని చూశాడు. పైవాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

చెంపలు వాయించాడు. పేరు పెట్టి అరిచాడు. పదకొండేళ్ళలో ఆ పేరు పిలవడం అదే మొదలు. ఫోన్ చేస్తే అంబులెన్సు వాళ్ళు వచ్చారు, ఛాతీ నొక్కారు, ఏదో మందు ఇచ్చారు. చాలా ఆలస్యమైంది.

ఆసుపత్రి వరండాలో డాక్టరు అడిగాడు. "ముందు గురక పెట్టాడా?"

"పెట్టాడు సార్. బాగా నిద్రపోతున్నాడనుకున్నా."

"అది నిద్ర కాదు. ఊపిరి మూసుకుపోతుంటే వచ్చే చప్పుడు. అప్పుడే లేపాలి, లేవకపోతే అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలి." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అంత్యక్రియల దగ్గర సందులోవాళ్ళు వెనక నిలబడ్డారు. ఒకడు నెమ్మదిగా అన్నాడు, "రెండు నెలలు గ్యాపు ఇచ్చాడు కదా, అదీ సంగతి. మనం గ్యాపు ఇవ్వం." మిగిలినవాళ్ళు తలలూపారు. కిందోడు తిరిగి చూశాడు. కొట్టాలనిపించింది. గొంతులోంచి ఒకే మాట వచ్చింది: "గురకొస్తే లేపండ్రా." వాళ్ళకు అర్థం కాలేదు.

పదో రోజు అక్క కొట్టు తెరిచింది. కిందోడు వెళ్ళి బల్ల పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఒక చొక్కా మీద పెట్టె జరుపుతూ, అతని వైపు చూడకుండా అడిగింది.

"ఆ రోజు నేను లేపొద్దన్నాను. లేపుంటే బతికేవాడా?"

డాక్టరు మాట కిందోడి నాలుక దాకా వచ్చింది. ఆవిడ చెయ్యి చొక్కా మీద ఆగిపోయింది. చొక్కా మాడుతున్న వాసన వస్తోంది.

"లేపానక్కా," అన్నాడు. "నువ్వు ఫోన్ పెట్టేశాక లేపాను. లేచాడు కూడా. మంచినీళ్ళు తాగి, ఫోన్ చేసింది అక్కేనా అని అడిగి, మళ్ళీ పడుకున్నాడు."

అక్క పెట్టె పక్కన పెట్టి, చీర కొంగుతో మొహం కప్పుకుంది.

"నా గురించి అడిగాడా?"

"అడిగాడు."