మూస్తే పొడుగయ్యే చెయ్యి

కత్తెరమ్మ కొత్త బట్టలు కుట్టదు, ఒకరు కుట్టినవి సరిచేస్తుంది. నడుము పట్టని ప్యాంట్లు, భుజం జారిన కోట్లు, పిల్లలు ఏడాదిలో దాటేసిన స్కూలు యూనిఫారాలు. వీధిలో ఎవరెవరు ఎక్కడెక్కడ లావెక్కారో ఆవిడకు తెలుసు. ఎవరికీ చెప్పదు, అదే ఆవిడ పరపతి.

పదేళ్ళ కిందట నాటకాల వాళ్ళు ఉక్కు రింగులతో అల్లిన చొక్కా ఒకటి తెచ్చి, "మా సేనాపతి చిక్కిపోయాడమ్మా, నడుము దగ్గర నాలుగంగుళాలు తగ్గించాలి" అన్నారు. చేతకాదని చెప్పడం ఆవిడకు చేతకాదు. రెండు ప్లయర్లు అడిగి తెచ్చుకుని ఒక్కో రింగూ విప్పుతూ పోతే గుట్టంతా బయటపడింది. ప్రతి రింగూ తన పక్కనున్న నాలుగింటిలోంచి దూరి వెళ్తుంది, అంతే. సూది లేదు, దారం లేదు, ముడి లేదు. చొక్కా తిరిగిచ్చేశాక చేతులు ఊరుకోలేదు. స్టీలు తీగను ఇనుప కడ్డీకి స్ప్రింగులా చుట్టడం, రింగులుగా కత్తిరించడం, కూర్చుని అల్లడం మొదలైంది. చేసినవన్నీ పంచిపెట్టేది. ఆదివారం ఉదయాలు కొట్టు ముందు బల్ల వేసి, నేర్చుకుంటామన్న ప్రతివాళ్ళకీ ప్లయర్లు అందించేది. బస్సు కండక్టరు వచ్చేవాడు, ఆస్పత్రి నర్సు వచ్చేది. ఇలాంటి వ్యాపకాలు మనసుకు ప్రశాంతతనిస్తాయని రాసేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఆ బల్ల దగ్గర పది నిమిషాలు కూర్చుని ఉండరు. జారిన రింగు కోసం బల్ల కింద పాకే మనిషి నోటివెంట వచ్చేవి ప్రశాంతమైన మాటలు కావు.

ఆవిడ మరిది మాంసం కొట్టులో ఇరవై రెండేళ్ళుగా కోత పని చేస్తున్నాడు. కొత్తలోనే ఎడమచేతి ఉంగరపు వేలి చివరి కణుపు పోగొట్టుకున్నాడు. వదిన అల్లకాన్ని వెక్కిరించడం అతని ఆదివారం డ్యూటీ.

"వదినా, యుద్ధం ఎప్పుడు?"

"మీ అన్నయ్య వంటింట్లో అడుగుపెట్టిన రోజు."

ఒక ఆదివారం అతను యుద్ధం ఊసెత్తలేదు. సంచిలోంచి ఉక్కు రింగుల గ్లవ్ ఒకటి తీసి బల్లమీద పడేశాడు. మాంసాన్ని పట్టుకునే చేతికి కోతవాళ్ళు తొడుక్కునేది. కొట్టు యజమాని అందరికీ తెప్పించాడు. మరిదికి మాత్రం ఉంగరపు వేలి కొస ఖాళీగా వేలాడుతోంది. మొన్న ఆ ఖాళీ కొస కత్తి కింద చిక్కి చెయ్యంతా లాగేసింది. మోచేతి కింద కట్టు కనిపిస్తూనే ఉంది.

"ఓనరుగారు తిట్టినా బాగుండేది వదినా. 'కోపం కాదయ్యా, నిన్ను చూస్తే భయమేస్తోంది' అన్నాడు. గ్లవ్ లేకుండా కత్తి పట్టనివ్వడట. ఈ గ్లవ్‌తోనూ పట్టనివ్వడట. ఒకటో తారీకు నుంచి కౌంటర్లో పొట్లాలు కట్టాలి."

"పోనీలే, కాళ్ళకు సుఖం."

"నిన్ను రేపట్నుంచి బొత్తాలు అమ్ముకోమంటే అమ్ముకుంటావా?"

ఆవిడ గ్లవ్ తిప్పి చూసింది. యంత్రం అతికించిన రింగులు, విప్పడానికి సందు లేదు. ఒకటో తారీకుకి ఐదు వారాలుంది.

"సరిచేసేది కాదిది. కొత్తది అల్లుతా. చెయ్యి ఇటు పెట్టు."

కాగితం మీద చెయ్యి చాపించి పెన్సిలుతో చుట్టూ గీసుకుంది. కోటుకు తీసినట్టే కొలతలు తీసింది. ఈసారి రింగులు పెసరగింజంతవి. ప్రతి వరుసా అయ్యాక షిఫాన్ గుడ్డ ముక్కను దానిమీద రాసేది. ఎక్కడ పోగు లాగితే అక్కడ రింగు నోరు సరిగ్గా మూసుకోలేదన్నమాట. మూడు వారాలు పట్టింది. తొడిగితే చేతికి చర్మంలా అంటుకుంది.

"అబ్బో! లోపల నా చెయ్యి ఇంకా ఉందా వదినా?"

"పిడికిలి బిగించి చూడు" అంది ఆవిడ గర్వంగా.

వేళ్ళు సగం వంగి ఆగిపోయాయి. ఇంకాస్త బలం చేశాడు. కదల్లేదు.

"అడుక్కోవడానికైతే బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు, చాచిన చేతిని చూసుకుంటూ. నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు.

ఆవిడ గ్లవ్ తీయించి, మణికట్టు నుంచి చేతి వీపు మీదుగా నడిమి వేలి కొసదాకా టేపు పెట్టింది. చాచినప్పుడు ఒక లెక్క. మూసినప్పుడు రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ. టేపు జారిందేమోనని మళ్ళీ కొలిచింది. తన చెయ్యి కొలుచుకుంది. లోపలికెళ్ళి పేపరు చదువుతున్న భర్త చెయ్యి పట్టుకుంది.

"పిడికిలి బిగించండి."

"ఎవర్ని కొట్టాలి?"

ఆయనదీ పెరిగింది.

ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని కొలుస్తోంది. అందరినీ నిటారుగా నిలబెట్టి, చేతులు వేలాడేయించి కొలిచింది. మనిషి ఆ భంగిమలో బతికేది దర్జీ ముందు నిలబడిన రెండు నిమిషాలే. చెయ్యి మూస్తే వీపువైపు సాగుతుంది, అరచేతివైపు ముడుచుకుంటుంది. ఆ సాగుబాటుకు కావలసిన చర్మం కణుపుల మీద ముడతలుగా మడిచి పెట్టి ఉంది. ఆ ముడతలను ఇన్నాళ్ళూ వయసు అనుకుంది. అవి అంచు లోపల మడిచి వదిలే మిగులు గుడ్డ! ఆల్టరేషన్ పని బతికేదే ఆ మిగులు మీద. పుట్టకముందే ప్రతి కణుపుకూ సరిపడా కొలిచి వదిలిపెట్టిన పనితనం ముందు ఆవిడ తన చేతిని మూస్తూ, తెరుస్తూ, చాలాసేపు నోరు తెరుచుకుని కూర్చుంది.

తప్పు ఎక్కడో అప్పుడు తెలిసింది. రింగుల అల్లిక ఒకవైపు సాగుతుంది, ఒకవైపు సాగదు. చొక్కా చేతికి సాగని నిలువు పోగును పొడవునా వేసే అలవాటుకొద్దీ ఇక్కడా అదే చేసింది. దర్జీ తప్ప ఇంకెవరూ చేయని తప్పు. వీపువైపు అల్లినదంతా ఊడదీసి, అడ్డాన్ని నిలువు చేసి మొదలుపెట్టింది. కొట్టు తలుపుకు "ప్యాంట్లు ఒకటో తారీకు తర్వాతే" అని కాగితం అంటించింది. కండక్టరు తీగ చుట్టిపెట్టాడు, నర్సు రింగుల నోళ్ళు మూసింది.

నెలాఖరు రోజున, మాంసం కొట్టు తెరవకముందే, వదినా మరిదీ వెళ్ళారు. ఆవిడ యజమానికి ముందే చెప్పేసింది. "కత్తి మొనతో పొడిస్తే ఇది ఆపుతుందని నేననను. అంచు జారితే ఆపుతుంది."

యజమాని గ్లవ్ వేలిలోకి క్యారెట్ దూర్చి, కత్తి అంచు రెండుసార్లు లాగాడు. క్యారెట్ తీసి వెలుతురులో తిప్పి చూశాడు. గీత కూడా లేదు.

"క్యారెట్ పని చెయ్యదు కదమ్మా. చేతితో చేసి చూపించమనండి."

మరిది గ్లవ్ తొడుక్కుని భుజం ముక్కను మొద్దు మీదకు లాగాడు. ఇన్నేళ్ళలో ఆవిడ అతని పని చూడటం అదే మొదలు. కోసేది కుడిచెయ్యి అనుకుంది ఇన్నాళ్ళూ. కుడిచెయ్యి చెప్పినమాట వింటోందంతే. ఎడమచెయ్యి మాంసంలోకి దిగి, ఎముక ఎటు పోతోందో, కీలు ఎక్కడుందో తడిమి తెలుసుకుంటోంది. కణుపుల మీద రింగులు విచ్చుకుంటున్నాయి, దగ్గరవుతున్నాయి. పొట్టి వేలు కూడా పొరల మధ్యకు దూరి మిగతావాటికి దారి చూపిస్తోంది. ఎముక శుభ్రంగా, ఒలిచినట్టు బయటికొచ్చింది. కౌంటరు సంగతి చెప్పినప్పుడు మరిది బొత్తాల మాట ఎందుకన్నాడో ఆవిడకు అప్పుడర్థమైంది.

యజమాని గ్లవ్ అడిగి తీసుకుని తన చేతికి తొడగబోయాడు. ఉంగరపు వేలి దగ్గర ఆగిపోయింది.

"ఇది ఇంకెవరికీ పనికిరాదయ్యా!"

"ఇంకెవరికీ అక్కర్లేదు సార్."

యజమాని గోడమీద వేలాడే డ్యూటీల పలక దగ్గరికెళ్ళి, కౌంటరు వరుసలోంచి ఒక పేరు బొటనవేలితో తుడిచేశాడు. వెళ్ళి షట్టర్ సగం ఎత్తాడు. బయట ఎవరో అప్పుడే దగ్గారు.

"ఇంకోటి కొయ్యి" అంది కత్తెరమ్మ.

"చూశావు కదా వదినా. ఇక కొట్టు తెరవాలి."

"తెరుస్తారులే. నువ్వు కొయ్యి, చూడాలి."

ఆవిడ స్టూలు లాక్కుని మొద్దుకు దగ్గరగా కూర్చుంది.