పలకల మిషన్ బోల్టు

మా తమ్ముడి కనుబొమ పగలగొట్టింది నేనే. చేతిలో ఉన్న బోల్టు విసిరాను, గురి తప్పలేదు. మార్కాపురంలో మెకానిక్ షెడ్లుండే బజారులో, పట్టపగలు, అందరూ చూస్తుండగానే జరిగింది. ఇప్పటికీ ఆ బజారులో నన్ను చూసి పక్కకు తప్పుకునేవాళ్లున్నారు. తప్పుకోనీ, నాకేం నష్టం. నా నోరూ నా చెయ్యీ చిన్నప్పట్నుంచీ అంతే.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో సంగతిది. నాయన పోయాక ఆయన బోల్టుల దుకాణం నేనే చూసుకుంటున్నాను. తమ్ముడికి ఒక పాత జీపు ఉండేది. మార్కాపురం నుంచి బేస్తవారిపేట, కంభం మీదుగా గిద్దలూరు దాకా జనాన్ని తిప్పేవాడు. మా మరదలు కూరగాయల గంపలు వెనక వేసి, ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుని, దారిలో పల్లెపల్లెకూ దిగి అమ్ముకునేది. అంటే ఆ జీపు ముందు సీట్లలో రోజూ ఆ ఇద్దరే.

ఉన్నట్టుండి రవాణా ఆఫీసువాళ్లు గట్టిగా పట్టుకున్నారు. ముందు సీట్లకు బెల్టులు లేకపోతే ఫిట్‌నెస్ కాగితం ఇచ్చేది లేదన్నారు. మా జీపులకు సీట్లే సరిగ్గా ఉండవు, ఇక బెల్టులెక్కడివి? అందరూ నంద్యాల పోయి తుక్కు కార్లనుంచి విప్పిన బెల్టులు తెచ్చుకున్నారు. బెల్టులైతే వచ్చాయి గానీ వాటి బోల్టులు రాలేదు. అక్కడే మా ఊరి తెలివి బయటపడింది.

మాది పలకల ఊరు. రాయి కోసే మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయి తుక్కుకు పోతున్న రోజులవి. వాటినుంచి విప్పిన బోల్టులు ప్రతి షెడ్డులోనూ డబ్బాల నిండా పడి ఉండేవి. ఒక్కొక్కటీ బొటనవేలంత లావు. రాయిని కోసే మిషన్నే పట్టుకున్న బోల్టుకు మనిషిని పట్టుకోవడం ఒక లెక్కా అని మెకానిక్కులందరిదీ ఒకటే పాట. జీపుల బెల్టులన్నిటికీ అవే బిగించి పారేశారు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ మిషన్ బోల్టు చేసే పని వేరు. అది ఒకచోట కూర్చుని రోజంతా వణుకుతుంది, అంతే. దానికి మెత్తటి ఇనుము చాలు, అందుకే తల మీద గట్టిదనం చెప్పే అంకె కూడా ఉండదు. పైగా ఏళ్లతరబడి వణికిన ఇనుములో కంటికి ఆనని చీలిక పుడుతుంది. సీటు బెల్టు బోల్టు అట్లా కాదు. ఏళ్లకేళ్లు ఏ పనీ లేకుండా పడి ఉంటుంది. దానికి పని పడేది ఒక్క క్షణమే. బండి ఆగిపోతుంది, లోపలి మనిషి ఆగడు. ఆ విసురంతా ఒక్క కుదుపులో ఆ బోల్టు మెడ మీద పడుతుంది. దాన్ని ఓర్చుకోవాలంటే తల మీద ఎనిమిది పాయింటు ఎనిమిది అని అచ్చు గుద్ది ఉండాలి. గట్టిది కావాలి కదా అని మరీ పెద్ద అంకె ఉన్నది తెచ్చి పెట్టినా పనికి రాదు, అది తుప్పుకూ కుదుపుకూ పెళుసుగా చిట్లిపోవచ్చు. నాయన నాకు ముందు నేర్పింది ఇదే. లావును చూసి మోసపోవద్దు, తల చూడు అనేవాడు.

తమ్ముడు కూడా పలకల మిషన్ బోల్టులే వేయిస్తున్నాడని మరదలు వచ్చి చెప్పింది. "ఆయన వైపు బిగిచ్చేసినారు వదినా, నా వైపు ఇంకా బెజ్జాలు వెయ్యలేదు" అంది. దుకాణం అట్లాగే వదిలేసి, అచ్చు ఉన్న బోల్టులు కొంగులో మూటగట్టుకుని షెడ్డుకు పోయాను.

"విప్పరా వాటిని" అన్నాను.

"ఏందక్కా నీ గోల. అంత లావుంటే కనపళ్లేదా?"

"లావుంటే సరిపోద్దా? దున్నపోతూ లావుంటాది, జీపు తోలుతాదా?"

షెడ్డు మేస్త్రి నవ్వాడు. "సరుకు అమ్ముడుపోక ఇట్ల తిరుగుతా ఉండావామ్మా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బాలోంచి ఒక మిషన్ బోల్టు తీసి ఇనుమును కరిచి పట్టే వాళ్ల వైసులోనే బిగించి, సుత్తి ఎత్తి బాదాను. వంగిపోయింది. దాన్ని విప్పి నా బోల్టు పెట్టి అంతే బలంగా బాదాను. సుత్తి ఎగిరి నా భుజం జల్లుమంది గానీ అది వంగలేదు. చూశారు కదరా అన్నాను. మేస్త్రి తాపీగా బీడీ తీసి, "సుత్తితో కొడితే వంగక ఏమైతాది? జీపులో కూసున్నోణ్ని సుత్తితో ఎవురు కొడతారు?" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది.

తమ్ముడు కూడా నవ్వాడు. నేను స్పానర్ అందుకుని వాడి సీటు పక్కన కూర్చున్నాను, నేనే విప్పేద్దామని. వాడు నా జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చాడు. డ్రమ్ముల మీద పడ్డాను, మోచెయ్యి దోక్కుపోయింది. లేస్తూనే వైసు పక్కన పడి ఉన్న వంకర బోల్టు తీసి విసిరాను. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. వాడు జాకీ రాడ్డు ఎత్తాడు. ఆ దెబ్బ పడి ఉంటే ఈ రోజు ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. మరదలు మధ్యలో దూరి రాడ్డు పట్టుకుంది.

"నా వైపు వదినే బిగిస్తాది. నీ వైపు నీ ఇష్టం" అంది.

"బిగిచ్చుకో పో. నాది ముట్టుకుంటే చెయ్యి నరుకుతా" అన్నాడు వాడు నాతో.

అంతమంది ముందు అక్క చెబితే విప్పాడనే మాట వాడికి రాకూడదు. అదీ వాడి బాధ. నేను జీపు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, మరదలి వైపు నేల రేకు వెనక మందమైన పట్టీ పెట్టి నా బోల్టులు బిగించాను. స్పానర్ ఇక తిరగనని మొరాయించేదాకా బిగించాను. బయటికొచ్చేసరికి వాడు తువ్వాలు కంటికి అదుముకుని నిలబడి ఉన్నాడు.

"ఈ పొద్దు నుంచి బెల్టు కట్టుకోకుండా జీపు తియ్యను. ఇవి తెగితే అప్పుడు వచ్చి చెప్పు" అన్నాడు.

"తెగినాక చెప్పిచ్చుకోడానికి నువ్వుండవురా" అన్నాను.

మా వైపు డ్రైవర్లు పోలీసు కనపడితే బెల్టు భుజాన వేసుకుంటారు, దాటగానే తీసేస్తారు. మా తమ్ముడొక్కడే రోజంతా కట్టుకుని తిరిగాడు, నా మీద పంతంతో. దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు హారన్ కొట్టి, బెల్టు లాగి నాకు చూపించేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని.

వాడి కనుబొమ పుండు ఇంకా ఎండకముందే జరిగింది. బేస్తవారిపేట దాటాక ఒక మలుపులో గొర్రెల మంద రోడ్డెక్కింది. వాటిని తప్పించబోయి జీపును పక్కకు కోశాడు. అక్కడ టైరు పగిలి ఆగిన రాళ్ల లారీ ఉంది. దాని వెనక భాగానికి కొట్టాడు. ఆ పూట జీపు వెనక గంపలే, జనం లేరు. కబురు తెలిసి మేస్త్రి బండి వెనకే కూర్చుని పోయాను, వేరే బండి దొరకలేదు.

మరదలు రోడ్డు పక్కన కూర్చుని ఉంది. భుజం నుంచి నడుము దాకా బెల్టు పట్టిన చోట చర్మం నల్లగా కమిలిపోయింది. అంతకు మించి దెబ్బ లేదు. తమ్ముణ్ని పక్కన పడుకోబెట్టి తువ్వాలు కప్పారు. తీసి చూశాను. నేను చేసిన గాయం అట్లాగే ఉంది. దాని కింద స్టీరింగు తగిలిన చోట మొహం మొహంగా లేదు.

జీపులోకి చూశాను. వాడి బెల్టు కొక్కెం పెట్టింది పెట్టినట్టే ఉంది. కింది కొస మాత్రం ఊడి వేలాడుతోంది, బోల్టు మెడ దగ్గర తెగింది. తెగిన చోట సగం తుప్పు రంగు, సగం కొత్త ఇనుము మెరుపు. అంటే అది ఎప్పుడో పలకల షెడ్డులోనే సగం తెగి ఉంది.

"బెల్టు కట్టుకోబట్టే పోయినాడు పాపం, లేకుంటే దూకి బతికేటోడు" అన్నాడు చుట్టూ మూగినవాళ్లలో ఒకడు. చెప్పు తీసి వాడి మొహాన కొట్టాను. తర్వాత మేస్త్రి గొంతు పట్టుకున్నాను. నలుగురైదుగురు కలిసి నా వేళ్లు విడదీశారు. అయినా ఊరంతా ఆ మాటే నమ్మింది. ఆ వారంలోనే జీపులవాళ్లు బెల్టులు కత్తితో కోసి పారేశారు. బోల్టు సంగతి నేను ఎంత అరిచినా ఎవడూ చెవిన పెట్టలేదు.

కర్మకాండ అయిపోయాక మరదలు దుకాణానికి వచ్చింది. గల్లా దగ్గర నా ఎదురుగా నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పొద్దు ఎందుకు ఊరుకుంటివి?" అంది.

"వాడు విన్లేదు కదా" అన్నాను.

"విననోళ్లనే కదా నువ్వు ఇన్నేండ్లూ కొట్టింది? బజార్లో నీ చేతి దెబ్బ తినని మగోడు లేడు. ఆ బోల్టు తెగుతాదని ఆయనకు తెలీదు, నాకు తెలీదు. తెలిసింది నీకొక్కదానికే. ఇంకొక దెబ్బ కొట్టి ఆయన్ను పడేసి, ఆయన వైపువి కూడా మార్చి పోకపోయినావా వదినా? నా వైపు బిగించంగానే నీ కోపం తీరిపాయనా?"

చెంప మీద కొట్టింది. నా వయసుకు గానీ వరసకు గానీ ఆమె నా మీద చెయ్యి చేసుకునే మనిషి కాదు. మళ్లీ కొట్టింది. చెయ్యి ఎత్తినప్పుడల్లా కమిలిన భుజం నొప్పికి ఆమెకే ఊపిరాడటం లేదు, అయినా కొడుతూనే ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.