నాలుగో వాయిదా

అశోక్‌నగర్‌లో కోచింగ్‌కొచ్చే ఆడపిల్లల కోసం విజయశ్రీ ఇరవయ్యేళ్లుగా హాస్టల్ నడుపుతోంది. కరోనా వచ్చిన ఏడు ఉగాదికల్లా ముప్పై రెండు మంచాలూ ఖాళీ అయ్యాయి. భర్త పోయినప్పుడు కూడా ఆ ఇల్లు అంత సప్పుడు లేకుండా లేదు.

మే నెలలో సంయుక్త ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకున్న పిల్ల. ఇప్పుడు, పని పేరుతో తీసుకుపోయి అమ్మేసిన ఆడవాళ్లను విడిపించే సంస్థలో పనిచేస్తోంది.

"ఆంటీ, ఒక్క అమ్మాయికి జాగ కావాలె. పాలమూరు దిక్కు పిల్ల. మేనమామ వరసాయనే పుణెల అమ్మిండు. ఇంటికి పంపుదామంటే వాడు బెయిల్ మీద ఊళ్లెనే తిరుగుతుండు. మా షెల్టర్ల కరోనా వచ్చింది, కొత్తోళ్లను తీసుకుంటలేరు."

"నాకెందుకమ్మా గా పరేషాన్?" అంది విజయశ్రీ. సాయంత్రం తనే ఫోన్ చేసి, "పంపియ్యి" అంది.

అలా వచ్చింది శ్రీలక్ష్మి. ఇరవై రెండేళ్లు. ఒకరోజు విజయశ్రీ కూరగాయలకని చిక్కడపల్లి పోతూ, అలవాటుకొద్దీ గేటుకు బయటినుంచి తాళం వేసింది. తిరిగొచ్చేసరికి పిల్ల గేటు ఊచలు పట్టుకుని కింద కూర్చుని ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. విజయశ్రీ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. ఇన్నేళ్లూ ఆడపిల్లల్ని కాపాడడమంటే తాళం వేయడమే అనుకుంది.

చలికాలంలో కేసు విచారణకొచ్చింది. కోర్టు దాకా పోనక్కర్లేదు, నారాయణగూడలో సంస్థ వకీలమ్మ ఆఫీసు నుంచే వీడియోలో చెప్పొచ్చన్నారు. సంయుక్త చేతిలో అప్పటికి ఇలాంటివాళ్లు పద్దెనిమిది మంది. తోడు విజయశ్రీయే పోవాల్సొచ్చింది. ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలో చూశాడని శ్రీలక్ష్మి మధ్యలోనే దిగిపోయేది. అందుకని ఇద్దరూ మాస్కుల్లో ఊపిరాడక, ఆగి ఆగి నడిచారు.

మొదటిసారి నెట్ ఆగింది. రెండోసారి అవతలి వకీలు రాలేదు. మూడోసారి కోర్టులో ఎవరికో కరోనా అన్నారు. ప్రతిసారీ ముందురోజు శ్రీలక్ష్మికి అన్నం దిగేది కాదు. తిరిగొచ్చాక వాంతులు.

"ఇగ నేను రాను ఆంటీ. వాడు ఏడ తిరిగితే నాకేంది?"

ధైర్యం చెప్పే ఓపిక విజయశ్రీకి లేదు. "రాకుంటే రాకు బిడ్డా. నా మోకాళ్లు గూడ పోయినయి" అంది.

నాలుగో వాయిదా రోజు పొద్దున్నే శ్రీలక్ష్మి చెప్పులేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

కంప్యూటర్ తెర మీద ఒక గడిలో జడ్జి, ఒక గడిలో మేనమామ. వాణ్ని చూడగానే పిల్ల కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"మేడం, గా మొహం కనబడకుంట చెయ్యరాదా?" అంది విజయశ్రీ.

వకీలమ్మ జడ్జిగారి అనుమతి తీసుకుని ఆ గడి మీద కాగితం అంటించింది.

మూడు గంటలు. అవతలి వకీలు తేదీలడిగాడు, గది ఏ అంతస్తో అడిగాడు, మరి ఎందుకు పారిపోలేదని అడిగాడు.

"ఏడికి పోవాలె సార్? నాకు ఆ ఊరి పేరు గూడ తెల్వదు."

ఇంటికొచ్చి ఇద్దరూ తినకుండానే, బట్టలైనా మార్చుకోకుండా పడుకున్నారు.

తీర్పుకు ఇంకో రెండేళ్లు పట్టింది. మేనమామకు శిక్ష పడింది. కొన్నవాళ్లు దొరకనేలేదు. ఈలోగా హాస్టల్ మళ్లీ నిండింది. శ్రీలక్ష్మి సంగతి ఎట్లా తెలిసిందో, ఒక తల్లి వచ్చి తన కూతుర్ని సామానుతో సహా తీసుకుపోయింది. ఆ నెలలోనే శ్రీలక్ష్మి రాంనగర్‌లో కుట్టుపని చూసుకుని, గది కిరాయికి తీసుకుంది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమని విజయశ్రీ గట్టిగా అననూ లేదు.

పండక్కి రమ్మంటే వస్తానంటుంది, రాదు. తనను చూస్తే పిల్లకు ఆ మూడు గంటలే గుర్తొస్తాయేమోనని విజయశ్రీ సరిపెట్టుకుంటుంది. సంయుక్త కలిసినప్పుడు మాత్రం ఆమెను అడుగుతుంది, "తింటున్నదా?" అని.