కడుపు లేని టీవీ

మా అత్త ఈరవ్వకు దేవుడి తర్వాత నమ్మకమంతా టీవీ మీదే. చూడడానికి కాదు, దాని నెత్తిన పెరుగు తోడేయడానికి.

నేను ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చేసరికే ఆ టీవీ ఇంట్లో ఉంది. ముందు అద్దం, వెనక ఇంత కడుపు. చలికాలంలో మా దగ్గర పాలు తోడుకోవాలంటే బతిమాలుకోవాలి. టీవీ కాసేపు నడిస్తే దాని నెత్తి వెచ్చబడుతుందని మా అత్త ఎప్పుడు కనిపెట్టిందో గానీ, సాయంత్రం పాలల్లో తోడు కలిపి, మట్టి గురిగికి బట్ట కట్టి దాని మీద పెట్టేది. పడుకునేదాకా టీవీ నడవాల్సిందే. పొద్దున్నకి పెరుగు కత్తితో కోసుకునేలా ఉండేది.

అంతటితో ఆగితే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది? సీరియల్ ఏడుపులకు పెరుగు నీళ్లు వదులుతుందట. వార్తల్లో కొట్లాటలకు పులుస్తుందట. పాటలకైతే గట్టిగా పేరుకుంటుందట. అందుకని చలి మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మా ఇంట్లో పాటలే. మండలాఫీసులో అటెండరైన మా ఆయన ప్రభుదాసు, తెలంగాణ వస్తుందా రాదా అని ఊరంతా టీవీల ముందు కూర్చుంటే, ఎదురింటి సాలవ్వ కిటికీ పక్కన నిలబడి వార్తలు వినేవాడు. సగంలో వదిలేసిన సీరియళ్లలో ఎవరి కాపురం ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కోపం నాకింకా పోలేదు.

అయితే ఆ పెరుగుకు ఊళ్లో ఒక మర్యాద ఉంది. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక పాస్టరు అబ్రాహాము గారు, సంఘ పెద్దలు మా ఇంట్లోనే భోంచేస్తారు. బగారన్నం వడ్డించే ముందు మా అత్త పెరుగు గురిగి తెచ్చి పాస్టరయ్యగారి తల మీద బోర్లిస్తుంది. ఆయన బట్టతల వంచి కళ్లు మూసుకుంటారు. పెరుగు చుక్క కూడా జారదు. అందరూ చప్పట్లు కొడతారు. పదకొండేళ్లుగా ఇదే తంతు. బతుకంతా ఇంకొకరి పొలాల్లో కలుపు తీసిన మనిషికి, ఏడాదిలో పెద్దలంతా తన చేతులకేసి చూసే నిమిషం అదొక్కటే.

రెండు వేల పన్నెండు డిసెంబరులో మా ఆయన కామారెడ్డి నుంచి గోడకు తగిలించే టీవీ తెచ్చాడు. పాతదాన్ని అక్కడే దుకాణంలో ఇచ్చేసి వచ్చాడు. నాకు సంబరంగా ఉంది, ఎందుకు దాచాలి? మా అత్త మాత్రం కొత్తదాని చుట్టూ తిరిగి, పక్క నుంచి తొంగి చూసి, వెనక చెయ్యి పెట్టి తడిమింది.

"ఏందిరా గిది? దీనికి కడుపే లేదు. గురిగి యాడ పెట్టాలె?"

"ఇది చూసే టీవీ అవ్వా."

"చూసుడు ఎవరికి గావాలె?"

మొదటి రోజు గురిగిని పాత చీరతో కట్టి కొత్త టీవీ వీపున వేలాడదీసింది. పొద్దున్నకి పాలు పాలలాగే ఉన్నాయి. రెండో రోజు దాని కిందికి స్టూలు జరిపి పెట్టింది. పాలు విరిగాయి. మూడో రోజు టీవీ ముందు పెట్టి, ఇవాళ వార్తలు కూడా చూపిస్తానని ఆశ పెట్టింది. అదీ లాభం లేకపోయింది. ఆ కబురు సాలవ్వ సంఘమంతా మోసింది. ఈసారి అయ్యగారు తువ్వాలు తెచ్చుకుంటే మంచిదని కూడా అందట. అది విన్న మా అత్త ఆ పూట అన్నం తినలేదు.

బియ్యం డబ్బాలో పెడితే పెరుగు తోడుకుంటుందని, రాజంపేటలో మా అమ్మ అలాగే చేస్తుందని చెప్పాను. మీ అమ్మ పెరుగు నేను తిన్నానులే అంది.

ఇరవై మూడో తారీఖు పొద్దున ఆవిడ చెప్పాపెట్టకుండా కామారెడ్డి బస్సెక్కింది. దుకాణం వెనక గదిలో పైకప్పు దాకా పేర్చిన పాత టీవీల్లో, నెత్తిన పాలు కారిన మరక చూసి తనదాన్ని గుర్తుపట్టిందట. దుకాణమాయన జాగా ఖాళీ అవుతుందని సంతోషంగా ఇచ్చేశాడు. సాయంత్రం బస్సులో టీవీ కిటికీ పక్క సీట్లో, మా అత్త దాని పక్కన కూర్చుని వచ్చారు. కండక్టరు లేపమంటే, దానికి కడుపులో తిప్పుతుంది, గాలి తగలాలి అందట.

ఇరవై నాలుగు సాయంత్రం పాతదాన్ని బల్ల మీద కూర్చోబెట్టి, గురిగి పెట్టి, పాటలు పెట్టింది. రెండు పాటలు కాలేదు, కరెంటు పోయింది. ఆవిడ పండక్కి ప్రార్థన గుడి ఊడ్చే ఆడవాళ్లతో వెళ్లిపోయింది. ఎప్పుడూ నోరు పెట్టే మనిషి మాట్లాడకుండా పోతుంటే నాకు ఏడుపొచ్చింది.

పాలింకా గోరువెచ్చగా ఉన్నాయి. గురిగిని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో మెడ దాకా పాతిపెట్టి, పైన మా ఆయన పెండ్లి కోటు కప్పాను. టీవీ మీద ఖాళీ గురిగికి అలాంటి బట్టే కట్టి పెట్టాను. తెల్లారకముందు బట్ట విప్పితే పెరుగు బెదురుతుందని ఆవిడ సిద్ధాంతం కాబట్టి ఎవరూ ముట్టరు. కరెంటు తెల్లారేదాకా రాలేదు. పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లగానే గురిగులు మార్చాను. లోపల ఎలా ఉందో చూసే వ్యవధి లేకపోయింది.

మధ్యాహ్నం పెద్దలు వచ్చి కుర్చీలు కాస్త దూరంగా జరుపుకున్నారు. సాలవ్వ ముందు వరుసలో కూర్చుంది. అయ్యగారు పాత చొక్కా వేసుకుని వచ్చారు. మా అత్త గురిగి పట్టుకుని నిలబడితే మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతులు పైకి లేచాయి. గురిగి తలకిందులైంది. నేను కళ్లు మూసుకున్నాను.

టప్ మని ఒక్క చుక్క తేట నీరు అయ్యగారి బట్టతల మీద పడింది.

"ఆమెన్" అన్నారాయన.

అంతే, ఇంకేమీ పడలేదు. చప్పట్లు సాలవ్వ ఇంటి కప్పు దాకా వినిపించి ఉంటాయి.

"చూసిండ్రా? కరెంటు లేకున్నా తోడేసింది నా టీవీ. దాని కడుపుల గంత వేడి ఉంటది" అంది మా అత్త.

నా ఒళ్లు మండిపోయింది. బియ్యం నాది, ఉపాయం మా అమ్మది, పేరు మాత్రం టీవీకి. కానీ వెలిగిపోతున్న ఆ మొహం చూశాక ఎలా చెప్పను? మింగేసి బగారన్నం వడ్డించాను. మర్నాటి నుంచి వీధిలో ముగ్గురు తమ గురిగులు తెచ్చి, ఆపేసి ఉన్న మా టీవీ మీద పెట్టడం మొదలుపెట్టారు.

క్రిస్మస్ సాయంత్రమే నేను గిన్నెలు తోముతుంటే ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది. గురిగి అడుగున బయటివైపు, కారిన పాలకు అంటుకుని నాలుగు బియ్యపు గింజలున్నాయి. ఒక్కొక్కటే గోటితో తీసి నా అరచేతిలో పెట్టింది.

"టీవీల బియ్యం గూడ పండుతయా పిల్లా?"

ఆవిడ లేచి లోపలికి వెళ్లి, పెండ్లి కోటు దులిపి మడత పెట్టింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కొత్త టీవీలో వార్తలు చూసుకొమ్మని మాత్రం కొడుకుతో చెప్పింది.

మరుసటి క్రిస్మస్‌కు అయ్యగారు ఎప్పటిలాగే తల వంచారు. మా అత్త గురిగి తెచ్చి, ఆయన దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నా చేతుల్లో పెట్టింది.

"నువ్వు తిప్పు బిడ్డా. తోడేసినోళ్లే తిప్పాలె."

నేను గురిగిని పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తాను. అది చూసి అయ్యగారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.