మొక్కు పుంజుకు పొక్కులు పోసిన వానాకాలం

మొన్న మా మనవరాలు డాబా మీద పెంచుకునే నాటుకోడిని చంకన పెట్టుకుని కిందికి తెచ్చి, దాని నెత్తి మీది ఎర్రటి తురాయి మీద మిరియాల్లాంటి నల్లటి పొక్కులు చూపించి ఇవేమిటని అడిగింది. పక్కన పాకుతున్న మునిమనవణ్ణి ముందు లోపలికి తీసుకుపొమ్మని కేకేశాను. పశువుల డాక్టరు ఫోనులో బొమ్మ చూసి, అది కోళ్లకు వచ్చే మశూచి అనీ, వానాకాలం దోమల వల్ల వస్తుందనీ, మనుషులకు అంటుకోదనీ చెప్పాడట. ఆ చివరి మాట చెబుతూ మనవరాలు నవ్వింది. నా ఈడు వాళ్లు మీలో ఎవరైనా అక్కడ ఉంటే నవ్వి ఉండేవారు కాదు.

పందొమ్మిది వందల నలభైల నాటి సంగతి. సిద్దిపేటలో మా పెంకుటింటి వెనక దొడ్డిలో మా అమ్మ కోళ్లను పెంచేది. మేము ఆమెను అవ్వ అనేవాళ్లం. వాటిలో ఒక ఎర్ర పుంజు జోలికి ఎవరూ పోయేవారు కాదు. నా పైన పుట్టిన అక్కను అమ్మవారు తీసుకుపోయింది. మశూచి అని మా ఇళ్లల్లో పలికేవాళ్లం కాదు, తల్లి పోసింది అనేవాళ్లం. చాలా కాలానికి తమ్ముడు పుట్టాక, వాణ్ణి చల్లగా చూస్తే పుంజునిస్తానని అవ్వ ఆ తల్లికే, పోచమ్మకు మొక్కి, కోడిపిల్లగా ఉన్నప్పుడే దాన్ని వాడి పేరున విడిచింది. శ్రావణంలో బోనాల నాడు మొక్కు చెల్లించాలి. అంతలోనే వానలు పట్టుకుని, దొడ్డంతా చిత్తడై, దోమలు ముసిరి, ఒకనాటి పొద్దున గంప ఎత్తేసరికి ఆ పుంజు తురాయి నిండా, కళ్ల చుట్టూ పొక్కులు.

అవ్వ గంపను మళ్లీ దాని మీద బోర్లించింది. కోడికి జబ్బు చేసిందని ఆమె అనుకోలేదు. తల్లి మళ్లీ తన ఇంటికి వచ్చిందని, తమ్ముడి పేరున ఉన్న జీవం మీద వాలి అక్కడి నుంచి ఉయ్యాల దిక్కు చూస్తున్నదని అనుకుంది. తమ్ముడికి ఇంకా టీకా కూడా వేయించలేదు. అవ్వ గుమ్మానికి వేపకొమ్మ కట్టింది, పుంజు కింద వేపాకు పరిచింది, తల దువ్వుకోవడం, కూరలో పోపు పెట్టడం మానేసింది. ఎల్లిపాయ పోపు లేనిదే ముద్ద దిగని మా బాపు ఆ చప్పిడి పప్పును కిక్కురుమనకుండా తిన్నాడంటే ఇంట్లో భయం ఎంతుందో మీరే ఊహించుకోవచ్చు. వేపకొమ్మ చూసి వాడకట్టు వాళ్లు మా వాకిలి తొక్కడం మానేశారు. ఎదురింటామె గోడ అవతలి నుంచే, "ఎవలికి పోసింది వదినే?" అని అడిగింది. బాపు తల్లి, మా నాయినమ్మ, "పుంజుకు" అని చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, తల్లి పోసిన ఒంటికి మందు పెట్టకూడదు. పొక్కులు ముదిరి పుంజుకు రెండు కళ్లూ మూసుకుపోయాయి. ముందు పోసిన గింజలు కనబడక, అది ఉత్త నేలను పొడుస్తూ తిరిగేది. అది చస్తే మొక్కు తెగుతుంది, ముట్టుకుంటే తల్లికి కోపం వస్తుంది. ఎటు పోయినా తమ్ముడి ప్రాణానికే ముప్పని అవ్వ భయం. ఆఖరుకు నాయినమ్మకు కోపమొచ్చింది. "తల్లికి మందు వెట్టొద్దు, సరే. కోడికి బువ్వ గూడ వెట్టొద్దా? కండ్లు కనవడక అది ఆకలికి సస్తే ఆ పాపం ఎవలిది?" అంటూ పుంజును పట్టుకుని ముక్కు తెరిచి చూసింది. నోట్లో తెల్లటి పొర కడితే బతకదట, పైన పొక్కులే అయితే ఎండి రాలిపోతాయట. పొర లేదు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో గుడ్డ తడిపి కళ్లు తుడిచేది, పొక్కులు గిల్లకుండా పసుపు కలిపిన వేపనూనె అద్దేది, పసుపూ వేపాకూ తల్లివే గదా అని కోడలి నోరు మూయించేది, జొన్నరవ్వతో వండిన గటుకను చిన్న చిన్న ముద్దలు చేసి మింగించేది. మిగతా కోళ్లను దూరంగా వేరే గూట్లో కమ్మించింది.

పుంజును ఒడిలో కదలకుండా పట్టుకునే పని నాది. ఆ పనికి కుదిరిన నాటి నుంచి తమ్ముణ్ణి ముట్టుకోవద్దని అవ్వ నా మీద ఆన పెట్టింది. నా చేతులు చూస్తే నాకే భయం వేసేది. ఎంత తోమి కడిగినా వాటిలో ఏదో మిగిలే ఉందనిపించేది.

అలాంటి సమయంలో తమ్ముడికి జ్వరం వచ్చింది. అవ్వ వాణ్ణి వాకిట్లో వెలుతురుకు పట్టుకుని అరచేత్తో నుదురు తడిమి తడిమి చూసేది. ఒక పొద్దున అక్కడ ఎర్రగా చిన్న పొక్కులు కనబడ్డాయి. అక్కకు కూడా ముందు నుదుటి మీదే వచ్చాయట. అవ్వ ఏడవను కూడా లేదు, పిల్లవాణ్ణి పొట్టకు అదుముకుని గడప మీద కూలబడిపోయింది. నేను చేతులు వెనక దాచుకుని గోడకు అతుక్కుపోయాను. వాడు చచ్చిపోతాడని, అది నా వల్లేనని నాకు రూఢిగా తెలిసిపోయింది.

అవి చెమటకాయలు. జ్వరంతో పాటే అవీ పోయాయి. పుంజు పొక్కులూ నాయినమ్మ చెప్పినట్టే ఎండి రాలాయి గానీ, ఒక కన్ను తెల్లబడిపోయింది. అవిటి జీవాన్ని తల్లికి ఇవ్వకూడదు కదా, మరి మొక్కు ఎలాగని బాపు అడిగితే, అవ్వ చాలా రోజుల తర్వాత తల దువ్వుకుంటూ, "ఆ తల్లి తన మొక్కు తనే తీసుకున్నది. పిలగాని బదులు దీని కన్ను వట్టుకపోయింది" అన్నది. ఆ ఒంటికన్ను పుంజు ముసలిదై పోయేదాకా మా దొడ్డిలోనే ఉంది. రోజూ తొలి పిడికెడు గింజలు దానికే.

మనుషులకు అంటుకోదు. ఈ రెండు మాటలు అప్పట్లో మా అవ్వకు చెప్పేవాళ్లు ఉంటే ఎంత బాగుండేది! అయితే అక్కను తీసుకుపోయింది మాత్రం కోళ్ల జబ్బు కాదు, అసలుదే. అది ఇప్పుడు లోకంలోనే లేదంటారు. దాన్ని చూసి వణికిన వాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. తమ్ముడు కూడా నిండు వయసు బతికి పోయినేడు వెళ్లిపోయాడు. ఇవాళ్టి పిల్లలకు ఆ భయం తెలియనందుకు నాకు సంతోషమే, కానీ ఇంట్లో నాకొక్కదానికే గుర్తున్నందుకు కొంచెం ఒంటరిగా ఉంటుంది.

ఆ మధ్యాహ్నం మనవరాలి కోడి కళ్లు నేనే తుడిచాను. సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వస్తే మునిమనవడు నిద్రపోతున్నాడు. అంటుకోదని డాక్టరు చెప్పాడు, నాకూ తెలుసు. అయినా కోడిని ముట్టని చెయ్యి ఏదో గుర్తు చేసుకుని, ఆ చేత్తోనే వాడి నుదురు తడిమి చూశాను.