ఎడమవైపు వంపు

వెల్డరు చేతులు చూస్తే అతను ఏం పని చేస్తాడో ఎవరూ అడగక్కర్లేదు. మణికట్టు దాటి నిప్పురవ్వల మచ్చలు. చదువు మానేసి రేసు కార్ల షెడ్డులో చేరాడు. ముందు ఊడ్చాడు. తర్వాత గొట్టాలు కోయడం, వంచడం, అతకడం వచ్చింది. షెడ్డు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. పెద్దాయన కాగితం మీద గీస్తే ఇతను ఇనుములోకి దించేవాడు. కొన్నేళ్ళకి కాగితంతో పని లేకుండా పోయింది. గొట్టాలతో కట్టే కారు చట్రం మొత్తం అతని చేతుల్లోకి వచ్చేసింది. టేపు పట్టకుండా కోసినా గొట్టం అతికినట్టు కూర్చునేది.

అక్క మొగుడు సొంత జట్టు పెట్టుకున్నప్పుడు పెద్దాయనకి చెప్పి ఇతను అక్కడికి వచ్చేశాడు. బావ షెడ్డు చిన్నది, నోరు పెద్దది. తన బావమరిదిని పెళ్ళిచూపులకి తీసుకెళ్తే పిల్లని చూడకుండా వాళ్ళ గేటుకి వెల్డింగు ఎవరు చేశారని అడిగాడని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అది అబద్ధం కాదు.

కారు నడిపేది మేనకోడలు. ఇది ఆమెకి మొదటి పెద్ద పందెం.

ఆ పందేల్లో ఇంజను ఏ తయారీదారు దగ్గరైనా కొనుక్కోవచ్చు. ఎవరి దగ్గర కొన్నారో ముందే చెప్పి సీలు వేయించుకుంటే చాలు. చట్రం మాత్రం ఏ జట్టుది ఆ జట్టే చేసుకోవాలి. ఇంకో జట్టుది కొనకూడదు, అరువు తేకూడదు, దాని నమూనా వాడకూడదు. లేకపోతే పెద్ద జట్టు ఒకటి తన కారునే నాలుగు పేర్లతో తిప్పుతుందని భయం.

పందేనికి ముందురోజు పొద్దున, బాట పక్కన జట్లన్నీ వరసగా వేసుకున్న షెడ్ల దగ్గరికి తనిఖీ అధికారిణి వచ్చింది. టార్చి పట్టుకుని కారు కిందికి దూరింది. ఇంజనుకి ఎడమపక్కనున్న గొట్టం దగ్గర వెలుగు ఆగిపోయింది. ఆ గొట్టం నేరుగా రాకుండా మధ్యలో బయటికి వంగి మళ్ళీ లోపలికి వచ్చింది. ఎందుకు వంచారని అడిగింది.

వెల్డరు వంగి చూశాడు. పెద్దాయన వాడే ఇంజనుకి ఆ పక్కన ఆయిల్ ఫిల్టరు పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి చోటు వదలడానికే ఆ వంపు. బావ కొన్న ఇంజను వేరే తయారీదారుది. దాని ఫిల్టరు కింద ఉంది. ఎడమపక్కన ఏమీ లేదు. ఆ గొట్టాన్ని తనే వంచాడు, తనే అతికాడు, రంగు వేశాడు, ఎన్నిసార్లో గుడ్డతో తుడిచాడు. ఒక్కసారి కూడా కంటికి ఆనలేదు.

బావ ముందుకొచ్చాడు. "చెయ్యి పట్టడానికండీ. బోల్టు బిగించాలి కదా."

"ఏ బోల్టు?"

బావ వంగి వెతకసాగాడు. ఆమె వెల్డరు వైపు తిరిగింది. కింద నిజంగానే ఒక బోల్టు ఉంది. అవునని తలూపితే ఆమె సీలు వేసి పక్క కారు దగ్గరికి వెళ్ళిపోతుంది. మేనకోడలు గ్లవుజులు చేత్తో పట్టుకుని అతన్నే చూస్తోంది.

"బోల్టు కోసం కాదండీ," అన్నాడు వెల్డరు. "పెద్దాయన కారుకి అక్కడ ఫిల్టరు వచ్చేది. చెయ్యి అలవాటు కొద్దీ వంచేసింది."

"అంటే ఇది వాళ్ళ చట్రం."

"నేను చేసిందేనండీ."

"ఎవరు చేశారని కాదు. ఎవరిదని అడుగుతున్నాను."

ఆమె మళ్ళీ కిందికి దూరి మిగతా గొట్టాలు కూడా చూసింది. ఇంజనుని మోసే వెనక సగమంతా పెద్దాయన జట్టు నమూనాయేనని, ఇలా అయితే కారుని బాట మీదికి వదలనని ఆమె చెప్పింది.

"నిజం చెప్పడానికి నీకు ఇంకో రోజు దొరకలేదుట్రా?" అన్నాడు బావ.

సంగతి విని పెద్దాయన తన షెడ్డు నుంచి నడిచి వచ్చాడు. మంచి మనసుతోనే వచ్చాడు. వంపుని వేలితో నిమిరాడు. ముఖం వెలిగింది.

"నాదే. మావాడికి ఇచ్చేశానని రాసుకోండి."

"ఇస్తే కుదరదండీ. ఒకరిది ఒకరు ఇచ్చుకోకూడదనే కదా నియమం."

ఆ నియమం కోసం జట్ల సమావేశంలో పట్టుబట్టింది తనేనని పెద్దాయనకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. వెల్డరు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం లోపల మార్చి చూపిస్తే చివరి వరసలో నిలబడనిస్తానంది అధికారిణి.

వెల్డరు వెనక సగం కోసేశాడు. కొత్త గొట్టం తీసి కోశాడు. పాత పొడవే వచ్చింది. పక్కన పడేసి ఇంకోటి కోశాడు. అదీ అంతే.

"కళ్ళు మూసుకుని కోస్తున్నావా మామయ్యా?" అంది మేనకోడలు. టేపు లాక్కుంది. "నేను కొలుస్తా. నువ్వు గీత మీద కొయ్యి."

ఆమెకి పాత కారు గురించి ఏమీ తెలీదు. ప్రతి గొట్టం దగ్గరా ఇది ఎందుకని అడిగింది. అతను చెప్పగలిగింది ఉంచారు. చెప్పలేనిది తీసేశారు, లేదా వేరేచోట పెట్టారు. చిరాకుపడి ఒకసారి ఆమెని బయటికి పొమ్మన్నాడు. గొట్టం అవతలి కొస పట్టుకునేవాళ్ళు లేక మళ్ళీ పిలిచాడు. బావ దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం అధికారిణి మళ్ళీ దూరింది. ఈసారి చాలాసేపు ఉంది. బయటికొచ్చి సీలు వేసింది.

మర్నాడు కారు అందరికన్నా వెనక బయలుదేరింది. కొందరిని దాటింది, కొందరిని దాటలేకపోయింది. షెడ్డు ముందు ఆగాక మేనకోడలు హెల్మెట్టు తీసి ఊపిరి పీల్చుకుంది.

"మలుపుల్లో వెనకభాగం జారిపోతోంది మామయ్యా."

పాత చట్రమైతే ఎక్కడ బిగించాలో నోటికొచ్చు. ఇప్పుడు తెలీదు.

"ఎటు తిరిగేటప్పుడు?"

"కుడివైపు. అదీ బ్రేకు వదిలాక."

బావ మంచినీళ్ళ సీసా తెచ్చి కూతురికిచ్చాడు. వంగి చట్రం కిందికి చూశాడు.

"ఈ జబ్బు మటుకు అచ్చంగా మన సొంతంరా," అన్నాడు బావమరిదితో.

వెల్డరు జాకీ తెమ్మన్నాడు.